అట్ట లోపలి దుప్పటి

ఆ వేసవిలో నేను మా మామయ్యను పందొమ్మిది లైబ్రరీలు తిప్పాను. తీసుకెళ్ళాను అని మర్యాదగా చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధమవుతుంది. ముందు నేను, వెనక ఆయన, ఇద్దరి మధ్యా నా కోపం. ఆ నెలంతా అలాగే నడిచింది.

మామయ్య, అంటే మా ఆయన నాన్న, పుస్తకాల బైండరు. ఇంటి ముందు గదే ఆయన షాపు. నగరంలోని లైబ్రరీ బ్రాంచీలన్నిట్లో చిరిగిపోయిన పుస్తకాలు సెంట్రల్ లైబ్రరీ వ్యానులో మా ఇంటికొస్తాయి. కొత్త అట్టలు తొడుక్కుని అదే వ్యానులో వెళ్ళిపోతాయి. నలభై ఏళ్ళుగా ఇదే వరస. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పెళ్ళయిన కొత్తలో ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసేదాన్ని. అత్తయ్య మంచాన పడ్డాక ఉద్యోగం మానేశాను. తొమ్మిదేళ్ళు ఆవిడ మంచం పక్కనే గడిచాయి. ఆవిడ పోయిన ఏడాదికి పెద్దాసుపత్రిలో ఉద్యోగాలు పడ్డాయని తెలిసి, ఇంకో నాలుగు నెలల్లో వయసు దాటిపోతుందనగా అర్జీ పెట్టాను. వస్తుందనుకోలేదు. వచ్చింది.

ఇరవై ఎనిమిది రోజుల్లోగా అసలు సర్టిఫికెట్టుతో వచ్చి చేరమని ఉత్తరం. బీరువా తీస్తే సర్టిఫికెట్టు లేదు.

బీరువాలో బట్టలన్నీ మంచం మీదికి వచ్చాయి, మంచం కింద పెట్టెలన్నీ బయటికి వచ్చాయి. సర్టిఫికెట్టు పదేళ్ళుగా చుట్టి పెట్టుకున్న అట్టగొట్టం మాత్రం ఖాళీగా దొరికింది. నేను చదివిన కాలేజీ ఎప్పుడో మూతపడింది. బోర్డు ఆఫీసుకి ఫోన్ చేస్తే, నకలు కావాలంటే ఎనిమిది నెలలు పడుతుందన్నారు. ఆ మాట విన్నాక నా కళ్ళు ముందు గది వైపు తిరిగాయి.

బైండింగు పనిలో ఒక సంగతి ఉంది. అట్ట మీద గుడ్డ వేసి అంచులు లోపలికి మడిచి అంటిస్తే, లోపలివైపు మధ్యలో పల్లం పడుతుంది. ఆ పల్లంలో ఒక మందపాటి కాగితం వేసి, దాని మీద తెల్ల కాగితం అంటిస్తేనే అట్ట లోపలి వైపు చదునుగా ఉంటుంది. పైకి కనబడని ఆ కాగితాన్ని మామయ్య దుప్పటి అంటారు. దుప్పటికి కొత్త కాగితం వాడరు. పాత క్యాలెండర్లు, పాత పోస్టర్లు, ఏవి మందంగా ఉంటే అవి. ఆయన కళ్ళల్లో పొర వచ్చి రెండేళ్ళయింది, ఆపరేషన్ అంటే రేపు మాపు అంటారు. కాగితాన్ని చూసి కాదు, వేళ్ళతో తడిమి ఏరుతారు.

నా నోరు మంచిది కాదని మా పుట్టింట్లోనే తేల్చేశారు. షాపు గడపలో నిలబడి అడిగాను.

"మామయ్యా, నా సర్టిఫికెట్టు ఏ పుస్తకానికి దుప్పటేశారు?"

ఆయన చేతిలో జిగురు కుంచె ఆగింది.

"నీ సర్టిఫికెట్టా?"

"నాదే. మీ చూపు ఆనడం లేదు, ఆపరేషన్ చేయించుకోండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఏది చేతికి తగిలితే అది అంటించేస్తారు. ఇప్పుడు నా బతుకు అంటించేశారు."

ఆయన మూలనున్న, కాగితాలు అణిచే ఇనుప ప్రెస్సు వైపు ఒకసారి చూశారు. మళ్ళీ నా వైపు చూశారు. కుంచెను గిన్నె మీద అడ్డంగా పెట్టి, చేతులు తుడుచుకున్నారు.

"వేసే ఉంటానమ్మా," అన్నారు. "నెల కిందట జిరాక్సు తీయించావు కదా, ఆ తర్వాత వెళ్ళింది ఒక్క లాటే. పెద్ద సైజు పుస్తకాలు, అరవై రెండు. సెంట్రల్‌లో లిస్టు ఉంటుంది. పద, వెతుకుదాం."

అంత సులువుగా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు. పోట్లాడడానికి ఇంకా పది మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళినదాన్ని, అవి నోట్లోనే మిగిలిపోయాయి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కోపంలో ఉన్నవాళ్ళకి అనుమానాలు రావు.

సెంట్రల్ లైబ్రరీలో వ్యాను లెక్కలు చూసే ఆవిడను అందరూ రిజిస్టరమ్మ అంటారు. బల్ల మీద ఆవిడ కంటే ఎత్తుగా రిజిస్టర్లు. నేను మొత్తం చెప్పాను. మా మామయ్య చూపు ఆనక నా సర్టిఫికెట్టు పుస్తకంలో పెట్టి అంటించేశారు అని. మామయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. రిజిస్టరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నలభై ఏళ్ళుగా మీ పేరు రాస్తున్నాను రిజిస్టర్లో. మనిషిని ఇదే చూడ్డం," అంది.

అరవై రెండు పుస్తకాలు పందొమ్మిది బ్రాంచీలకు వెళ్ళాయని ఒక కాగితం మీద రాసిచ్చింది. లోపలికెళ్ళి పెద్ద లైబ్రేరియన్ చేత ఉత్తరం కూడా రాయించుకొచ్చింది. పుస్తకాలు తడిమి చూసుకోవచ్చు. బ్రాంచి లైబ్రేరియన్ ఒప్పుకుంటే తప్ప ఏదీ విప్పకూడదు. విప్పితే, ఆ పూటే మళ్ళీ బాగుచేసి గానీ కదలకూడదు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లో మా ఇద్దరి గొడవల్లో ఎవరి పక్కా మాట్లాడరు. ఎర్ర లైటు చూస్తే ఆగుతారు, పచ్చ లైటు చూస్తే పోతారు. ఆ సాయంత్రం లిస్టు ముందేసుకుని ఒక్కో బ్రాంచికి ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఏ స్టాపులో నీడ ఉంటుంది అన్నీ రాశారు. నీడ సంగతి రాసింది వాళ్ళ నాన్న కోసం. అది నాకు తెలిసింది.

మొదటి బ్రాంచి కూరగాయల మార్కెట్టు పైన. చెక్క మెట్లెక్కుతుంటే ఉల్లిపాయల వాసన మనతో పాటే పైకొస్తుంది. లిస్టులో ఉన్న నాలుగు పుస్తకాలు లైబ్రేరియన్ తెచ్చి పెట్టాడు. మామయ్య కుర్చీలో కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అట్ట తెరిచి, కళ్ళు మూసుకున్నారు. నా సర్టిఫికెట్టుకి కింద కుడి మూల ఉబ్బెత్తు ముద్ర ఉంటుంది, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. ఆ ముద్ర తెల్ల కాగితం కింద ఉన్నా వేలికి తగలకుండా ఉండదని ఆయన నమ్మకం. బొటనవేలితో కుడి మూలంతా నెమ్మదిగా రాశారు.

పేపరు చదువుతున్న ఒకాయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "ఏం పెద్దాయనా, నాడి చూస్తున్నారా?"

"అవునండీ. దీనికి జ్వరం లేదు," అన్నారు మామయ్య. పుస్తకం మూసి నా వైపు జరిపారు. "నువ్వూ చూడమ్మా."

"నాకేం తెలుస్తుంది మీ పని?"

"నీ పనే ఇది. పైకి కనబడని నరం వేలితో పట్టుకునేదానివి కదా. మీ అత్తయ్యకు ఎక్కడా దొరక్కపోతే నర్సులు నిన్నే పిలిచేవాళ్ళు."

అది నిజమే. కాదనలేక, విసుగ్గానే వేలు పెట్టాను. ఆ రోజు నుంచి ప్రతి పుస్తకం ఆయన చూశాక నేనూ చూశాను. మొదట్లో నాకు అట్టంతా ఒకటే గోడలా అనిపించేది. పదో పుస్తకానికి లోపల దుప్పటి ఎక్కడ మొదలైందో తెలిసింది. ఇరవయ్యో పుస్తకానికి, ఇది క్యాలెండరు కాగితం, ఇది పోస్టరు అని చెప్పగలిగాను. చెప్తే ఆయన తల ఊపేవారు. మెచ్చుకోలు నచ్చేది. నచ్చినందుకు నా మీద నాకే చిరాకు వేసేది.

ఈ నగరంలో పుట్టి పెరిగిన నేను ఇన్ని లైబ్రరీలు ఉన్నాయని ఎరగను. అగ్నిమాపక కేంద్రం వెనక ఒకటి. అక్కడ గంట మోగినప్పుడల్లా చదివేవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తి, మన ఇల్లు కాదులే అన్నట్టు మళ్ళీ దించుకునేవాళ్ళు. ఎత్తైన అపార్టుమెంట్ల కింద స్కూటర్లు నిలిపే చోట ఒకటి. ఒక చోట పోటీ పరీక్షల పిల్లలు బల్లల మీద చోటు కోసం తెల్లారగానే సంచులు పెట్టి వెళ్ళేవారు. ఇంకో చోట ఫ్యాను గాలికి వచ్చి కూర్చునే ముసలమ్మలు పుస్తకం తిరగేసి పట్టుకుని కునుకు తీస్తే లైబ్రేరియన్ లేపేవాడు కాదు. "చదువుతున్నారు, డిస్టర్బ్ చేయకండి," అన్నాడు నాతో.

వెళ్ళిన ప్రతి చోటా నా పాఠం ఒకటే. "మా మామయ్య చూపు ఆనక..." అని మొదలుపెట్టేదాన్ని. ప్రతి చోటా ఆయన చేతులు కట్టుకుని నిలబడేవారు. ప్రతి చోటా ఎవరో ఒకరు ఆయనకి కుర్చీ వేసేవారు, నాకు మంచినీళ్ళు ఇచ్చేవారు. మూసే వేళయినా తలుపు మూయకుండా కూర్చున్నవాళ్ళున్నారు. బయటికి వెళ్ళిన పుస్తకం కోసం తన సైకిలు మీద వెళ్ళి తెచ్చిచ్చిన వాచ్‌మన్ ఉన్నాడు. ఆ మనుషులకి నేనెవరు?

అగ్నిమాపక కేంద్రం వెనక బ్రాంచిలో లైబ్రేరియన్ మామయ్యకి ఒక పాత పుస్తకం తెచ్చి చూపించింది. "ఇదీ మీ బైండింగే పెద్దాయనా. మా రిజిస్టర్లో ఇరవై ఆరేళ్ళ కిందటి తేదీ ఉంది. పుటలు నలిగిపోయాయి గానీ, కుట్టు మాత్రం కదల్లేదు."

మామయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "అప్పట్లో దారం బాగుండేది," అన్నారు, అదేదో దారం గొప్పతనమైనట్టు. తర్వాత ఆ పుస్తకం తీసుకెళ్ళి ఒక అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మామయ్య అక్కడే నిలబడిపోయారు. ఆ అమ్మాయి పుట తిప్పినప్పుడల్లా ఆయన తల కొంచెం ముందుకు వంగుతోంది.

"పదండి, బస్సు పోతుంది," అన్నాను.

"వస్తున్నా. ఒక్క నిమిషం."

ఇలా అన్ని చోట్లా ఒక్క నిమిషమే. పని అయిపోయాక కూడా ఎవరో ఒకరి వెనక నిలబడేవారు. కళ్ళు ఆనవు కాబట్టి దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. కొందరు ఇబ్బందిగా జరిగి కూర్చునేవారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

ఇరవై రెండో రోజుకి యాభై ఏడు పుస్తకాలయ్యాయి. సర్టిఫికెట్టు లేదు. ఆ మధ్యాహ్నం స్కూటర్ల బ్రాంచిలో, ఒక సెక్యూరిటీ గార్డు పెద్ద బొమ్మల పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కుంటుంటే మామయ్య అతని పక్కన కూర్చుండిపోయారు. మేము స్టాపుకి వచ్చేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. తర్వాతి బస్సు గంటకి. నీడ లేని స్టాపు అది, మా ఆయన కాగితంలో ముందే హెచ్చరించి ఉంది.

నేను అప్పుడు అన్న మాట ఇక్కడ రాయకుండా ఉండొచ్చు. కానీ రాయకపోతే మిగతాదంతా రాసి ఏం లాభం?

"తొమ్మిదేళ్ళు మీ ఇంటికే పోశాను. నాకంటూ మిగిలింది ఒక్క కాగితం. అది కూడా మీ జిగురులో కలిపేశారు. కలిపేసి, ఇక్కడ వాడెవడో చదువుతుంటే చూస్తూ కూర్చుంటారు."

"నిజమేనమ్మా," అన్నారు ఆయన.

నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చారు. నేను ఒక గుక్క తాగి తిరిగిస్తే, తాను తాగకుండా మూత పెట్టేశారు.

ఆ తర్వాతి మూడు పుస్తకాల్లోనూ ఏమీ లేదు. చివరికి ఒక్క బ్రాంచి మిగిలింది, రెండు పుస్తకాలు, చేతిలో రెండు రోజులు.

ఆ బ్రాంచి బస్సు రూటు చివర, నీటి సరఫరా ఆఫీసు పక్కన, ఒకటే గది. లైబ్రేరియన్ కొత్తగా చేరిన చిన్నమ్మాయి. ఒక పుస్తకం అల్మారాలో ఉంది. చూశాం, లేదు. రెండోది పెద్ద అట్లాసు. అది ఒక ముసలాయన చేతుల్లో ఉంది.

"ఆయన రోజూ వస్తారు," అంది లైబ్రేరియన్ చిన్నగా. "ఓడల మీద వంట చేసేవారట. రోజుకో పుట చదువుతారు."

నేను దగ్గరికెళ్ళి అడిగాను. ఓడ వంటాయన వేలు మ్యాపులో ఒక తీరం వెంబడి పోతోంది. తలెత్తకుండానే జవాబిచ్చారు.

"కాసేపు ఆగమ్మా. ఇప్పుడే రేవులోంచి బయటపడ్డాను. మధ్యలో దిగమంటే ఎలా?"

వెతకడం మొదలుపెట్టిన రోజుల్లోనైతే నేను ఆ పుస్తకం లాక్కునేదాన్నేమో. ఆ రోజు ఓపిక లేక కూర్చున్నాను. ఆయన సముద్రం దాటడానికి ముప్పావు గంట పట్టింది. అవతలి ఒడ్డు చేరాక పుస్తకం మూసి, రెండు చేతులతో మామయ్యకి అందించారు.

మామయ్య ముందు అట్ట చూశారు. వెనక అట్ట చూశారు. మళ్ళీ ముందు అట్ట చూశారు. బొటనవేలు కుడి మూల నుంచి కదల్లేదు చాలాసేపు.

"లేదమ్మా," అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూశాను. నా ఉద్యోగం పోయిందనే బాధ నాకంటే ఆయనకే ఎక్కువగా ఉంది. ఊరికే చేతులకి పని కావాలని, పుస్తకం తీసుకున్నాను. ముందు అట్ట, కుడి మూల, ఏమీ లేదు. వెనక అట్ట, కుడి మూల, ఏమీ లేదు. వేలు తీసేస్తూ అలా ఎడమవైపుకి పోనిచ్చాను. కింద ఎడమ మూలకి వచ్చేసరికి వేలు కొంచెం కిందికి జారినట్టనిపించింది.

ఉబ్బు కాదు. గుంట. గుండ్రంగా, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది.

"మామయ్యా, కాగితం బోర్లా అంటించి ఉంటే?"

నేను ఆయన బొటనవేలు పట్టుకుని అక్కడ పెట్టాను. జిగురుకీ దారానికీ కాయగట్టిన ఆ వేలికి ఏమీ తెలియలేదు. చిటికెన వేలు పెట్టి చూశారు. కాసేపటికి తల ఊపారు.

లైబ్రేరియన్ అమ్మాయి భయపడింది. "కోస్తారా? నేను చేరి నెలే అయింది."

"కోయనమ్మా. తడిగుడ్డ వేస్తాను. నాది మైదా జిగురు, నీళ్ళు చెప్తే వింటుంది," అన్నారు మామయ్య.

ఆ మైదా జిగురు ఉడికించడం మీద నేను ఎన్ని దెప్పులు దెప్పానో లెక్కలేదు. పురుగు పట్టకుండా దాన్లో మైలతుత్తం కలుపుతారు, ఇల్లంతా అదో వాసన. అందరూ డబ్బా జిగురు వాడుతున్నారు, మీకే ఈ వంట అనేదాన్ని. డబ్బా జిగురైతే ఆ రోజు ఏ నీళ్ళూ వినేది కాదు.

తడిగుడ్డ పావుగంట ఉంచి, ఎముకతో చేసిన చదునైన పుల్ల అంచు కిందికి పోనిచ్చి, తెల్ల కాగితాన్ని అరచేతి వెడల్పున లేపుతూ పోయారు. ఓడ వంటాయన కూడా వచ్చి పైనుంచి చూస్తున్నారు. తెల్ల కాగితం లేచింది. కింద నా సర్టిఫికెట్టు కనబడలేదు. ఇంకో తెల్ల కాగితం, నాలుగు మూలలా మడిచిన పొట్లం కనబడింది.

ల్యాబులో స్టెరైల్ చేసే సామాన్లు చుట్టడానికి ఒక మడత నేర్పిస్తారు. మూడు మూలలు లోపలికి మడిచి, నాలుగోది వాటి కింద దోపి, లాగడానికి వీలుగా చిన్న కొస బయటికి వదలాలి. పొట్లానికి కొస అలాగే వదిలి ఉంది. మా ఇంట్లో ఆ మడత వచ్చినది ఒక్కరికే.

అది చూడగానే ఆ ఆదివారం మొత్తం గుర్తొచ్చింది. జిరాక్సు తీయించి తెచ్చాను. గొట్టంలో ఉండీ ఉండీ సర్టిఫికెట్టు చుట్టుకుపోతోంది. మా ఇంట్లో ఏ కాగితం చుట్టుకుపోయినా ప్రెస్సులో పెట్టడం అలవాటు. మాసిపోకుండా తెల్ల కాగితంలో చుట్టి, ప్రెస్సులో అణుగుతున్న దుప్పటి కాగితాల మధ్య నేనే పెట్టి, నేనే హ్యాండిలు తిప్పి బిగించాను. అంతలో వంటింట్లో కుళాయి ఊడి నీళ్ళు వరదయ్యాయి. రెండు గంటలు ఎత్తిపోశాను. ఆ నీళ్ళతో పాటే ఈ సంగతీ కొట్టుకుపోయింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే నవ్వుతాం గానీ, నేనైతే ఊరంతా వెతకడమే కాదు, బిడ్డను ఎత్తుకెళ్ళాడని పక్కనున్న మనిషిని పందొమ్మిది చోట్ల నిలబెట్టాను.

మామయ్య కొస పట్టుకుని లాగారు. పొట్లం విచ్చుకుంది. సర్టిఫికెట్టు ఒక మూల చిన్న మరక తప్ప శుభ్రంగా ఉంది.

"సరుకు దొరికిందా?" అని అడిగారు ఓడ వంటాయన.

"దొరికిందండీ," అన్నారు మామయ్య.

మామయ్య ఆ ఖాళీ పొట్లాన్నే మళ్ళీ మడిచి, నా మడత చెదరకుండా, అట్టలో యథాస్థానంలో పెట్టారు. "దీని మందం అట్లాసుకి సరిగ్గా సరిపోయింది. ఉండనీ," అన్నారు. సంచిలోంచి జిగురు డబ్బా, కొత్త తెల్ల కాగితం తీసి అంటించారు. ఆరేదాకా పైన బరువుగా నాలుగు పుస్తకాలు పెట్టి కూర్చున్నాం.

బస్సు స్టాపులో చెప్పేశాను.

"మామయ్యా, దాన్ని ప్రెస్సులో పెట్టింది నేనే."

"తెలుసమ్మా."

"ఎప్పటినుంచి?"

"నువ్వు వచ్చి అడిగినప్పటినుంచి. నేను హ్యాండిలు ఎప్పుడూ కిటికీ వైపు వదులుతాను. ఆ సోమవారం తలుపు వైపు ఉంది. రెండు చుట్లు ఎక్కువ బిగించి ఉంది. మావాడు ఆ గదిలోకే రాడు. నువ్వే ఏదో పెట్టుకున్నావు, తీసుకున్నావు అనుకున్నాను. నువ్వు అడిగాక అర్థమైంది."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదా. అందరి ముందూ మిమ్మల్ని..."

"చెప్తే నువ్వు కూలబడిపోయేదానివి. నా చేజేతులా పోగొట్టుకున్నానని ఏడుస్తూ కూర్చునేదానివి. నీ సంగతి నాకు తెలీదా? మనిషికి కోపం ఉంటే కాళ్ళు నడుస్తాయి. తప్పు నాదైతే నువ్వు పందొమ్మిది కాదు, తొంభై చోట్లకైనా నడుస్తావు."

నేను ఏడ్చాను. స్టాపులో నిలబడి, సర్టిఫికెట్టు తడవకుండా దూరంగా పట్టుకుని మరీ ఏడ్చాను. ఆయన ఈసారి ఇంకా నెమ్మదిగా మాట్లాడారు.

"నాకేం నష్టం జరిగింది చెప్పు? నలభై ఏళ్ళు బైండు చేశాను. వ్యానులో వచ్చేవి, వ్యానులో పోయేవి. ఎవరైనా చదువుతుంటే ఒక్కసారి చూశానా? మీ అత్తయ్య అనేది, వెళ్ళి చూసి రావయ్యా అని. పని ఎక్కడ వదిలింది? చూపు మొత్తం పోయేలోపు నువ్వు తిప్పబట్టి చూశాను. ఆ గార్డు పేరు చదువుకున్నాడమ్మా ఆ రోజు. తన పేరు తనే."

నేను గడువుకి ఒక రోజు ముందు ఉద్యోగంలో చేరాను. సర్టిఫికెట్టు చూసిన గుమాస్తా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేం వాసన?" అని అడిగాడు. మైలతుత్తం అని చెప్పాను.

నాకు వారానికొక సెలవు, బుధవారం. మొదటి బుధవారం సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి రిజిస్టరమ్మ ముందు నిలబడ్డాను. "పొరపాటు మా మామయ్యది కాదు, నాది," అన్నాను. ఆవిడ కాసేపు గుర్తు తెచ్చుకుని, "దొరికిందా లేదా అది చెప్పు ముందు," అంది. ఆ తర్వాత బుధవారానికో బ్రాంచి. మార్కెట్టు పైన చెప్పాను. అగ్నిమాపక కేంద్రం వెనక చెప్పాను. తప్పెవరిదో ఎవరికీ పట్టలేదు. అందరూ అడిగింది ఒకటే, పెద్దాయన ఎలా ఉన్నారు అని. మధ్యలో ఆయన రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. ఈసారి రేపు మాపు అనలేదు.

చివరి బ్రాంచికి ఆయన్ని తీసుకెళ్ళాను. ఈసారి ఈ మాట నిజంగానే అనొచ్చు. ఆయన ముందు నడిచారు, నేను వెనక నడిచాను. ఓడ వంటాయన అదే కుర్చీలో, అదే అట్లాసుతో ఉన్నారు. సగం పుస్తకం దాటేశారు. లైబ్రేరియన్ అమ్మాయికి నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ అమ్మాయి విని, "ఇంకో కుర్చీ వేయనా?" అని అడిగింది.

మామయ్య ఓడ వంటాయన పక్కన కూర్చున్నారు. ఆయన అట్లాసుని ఇద్దరి మధ్యకీ జరిపి, "రండి, ఇప్పుడు ఎక్కడున్నామంటే..." అని వేలు పెట్టారు. కొత్త కళ్ళతో మామయ్య ఆ వేలి వెంటే పోతున్నారు.

కిటికీలోంచి మా బస్సు రావడం కనబడింది. పోనిచ్చాను.